పెట్రోల్ అగ్గువైన ఏడాది

హైదరాబాదు పాతబస్తీలో ఏ రోడ్డు ఎక్కడ పల్లానికి దిగుతుందో మా బాపుకు తెలిసినంత బాగా మునిసిపాలిటీ వాళ్లకు కూడా తెలిసి ఉండదు. కిషన్‌బాగ్‌లోని మా ఇంటి నుంచి పొద్దున్నే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి, బంతి, చామంతి, మల్లె మూటలు స్కూటర్ మీదకెత్తుకొని శాలిబండలోని పూల దుకాణాలకు చేర్చడం ఆయన పని. కాళ్ల దగ్గరొక మూట, వెనక సీటు మీద రెండు మూటలు, వాటి మధ్య ఎక్కడో బాపు. పల్లం వస్తే చాలు, ఇంజన్ ఆపేసేవాడు. ఆ పల్లాన్ని ఆయన 'ఉతారు' అనేవాడు. బండి దానంతటదే జారిపోతుంటే వీధిలోని చప్పుళ్లన్నీ ఒక్కసారిగా వినిపించేవి. కుట్టుమిషన్లు, ఎవరింట్లోనో రేడియో, పళ్లెం కడుగుతున్న చప్పుడు. స్కూలుకు సెలవున్న రోజుల్లో మూటల మధ్య ఇరుక్కొని కూర్చున్న నాకు ఆ కాసేపూ చాలా ఇష్టంగా ఉండేది.

ఆయనొక్కడే కాదు, మా గల్లీలో బండి ఉన్న ప్రతివాడూ అదే చేసేవాడు. చివరి చుక్క కోసం స్కూటర్‌ను పక్కకు వంచి ఊపేవాళ్లు, ట్యాంకు మూత తీసి నోటితో ఊదేవాళ్లు. పెట్రోల్ ఖరీదుకు భయపడి ఆటోవాళ్లలో సగం మంది గ్యాస్‌కు మారారు. ఆ గ్యాస్ బంకు ముందు క్యూలోనే వాళ్ల దినంలో సగం గడిచిపోయేది.

నేను పెద్దదాన్నై ఉద్యోగంలో చేరాక ఒక ఏడాది పెట్రోల్ అగ్గువ కావడం మొదలుపెట్టింది. పదిహేను రోజులకోసారి బంకు బోర్డు మీద అంకె మారేది, మారిన ప్రతిసారీ కిందికే. నమ్మబుద్ధి కాలేదు ఎవరికీ. నెలలు గడిచేకొద్దీ అలవాటు పడ్డారు. రెండిళ్ల అవతలి దుకాణంలో పెరుగు ప్యాకెట్ కొనడానికి కూడా బైకు తీసేవాళ్లు. గ్యాస్ క్యూలో నిలబడి విసిగిపోయిన మా ఎదురింటి ఆటో అన్న, "ఇగ గ్యాస్ లొల్లి మనకొద్దు" అని మళ్లీ పెట్రోలే పోయించుకోసాగాడు.

బాపు బండి మార్చాలనుకున్నది అప్పుడే. నడుము నొప్పితో స్కూటర్ మీద మూటలు మోయలేకపోతున్నాడు. మార్కెట్‌లో ఆయన దోస్తులందరూ డీజిల్ ట్రాలీ ఆటో కొనమన్నారు. నేను వద్దన్నాను. ఇంట్లో రోజూ పేపర్ చదివేది నేనొక్కదాన్నే. పైగా సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. కాబట్టి లోకంలో నాకు తెలియనిది లేదన్న పొగరు బాగానే ఉండేది. డీజిల్‌కూ పెట్రోల్‌కూ తేడా తగ్గిపోతోందని, డీజిల్ బండి రిపేర్లకొస్తే ప్రాణం తీస్తుందని గట్టిగా వాదించాను. ఆ 'ప్రాణం తీస్తుంది' అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది. బాపు నా మాటే విన్నాడు. సెకండ్‌హ్యాండ్‌లో ఒక పెట్రోల్ వ్యాను కొన్నాడు.

దాంట్లో మొదటిసారి శాలిబండ ఉతారు దిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన చెయ్యి తాళంచెవి వైపు పోలేదు.

"ఏంది బాపూ, బంద్ జెయ్యవా?"

"అగ్గువైంది గద బిడ్డా. చల్నే దే, నడవనీ" అన్నాడు.

ఎన్ని ఏళ్ల తర్వాత ఉతారులో ఇంజన్ నడుస్తుండగా దిగాడో! ముఖంలో చిన్నపిల్లల సంబరం. ఆ ఏడాదంతా అలాగే నడిపాడు. ఎండ తగలక మల్లెపూలు వాడిపోవడం లేదని మురిసిపోయేవాడు. ఆదివారాలు అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకొని ఊరికే తిప్పుకొచ్చేవాడు. మా బాపు సుఖపడటం నేను చూసింది ఆ ఒక్క ఏడాదే.

ఆ తర్వాత అంకె మళ్లీ పైకి పోవడం మొదలైంది. ఒకనాడు పొద్దున నేను ఆఫీసుకు ఆలస్యమై మండిపడుతున్నాను. అమ్మ పాలకు వెళ్లింది, తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. బాపు బంకు నుంచి వచ్చి, పెట్రోల్ మళ్లీ పిరమైందని గొణిగాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"స్కూటర్ ఉన్నప్పుడు చుక్క చుక్క చూస్కుంటివి. ఇప్పుడేమో నవాబు లెక్క తిరుగుతున్నవ్. ఉతార్ల ఇంజన్ బంద్ జేస్తే నీ సొమ్మేం పోతది?"

బాపు నా వైపు చూసి నవ్వాడు. "సరే తీ బిడ్డా. నువ్వు చెప్పినంక ఇంకేంది" అన్నాడు.

మూడో రోజు శాలిబండ ఉతారులో వ్యాను పోయి, ఆగి ఉన్న నీళ్ల ట్యాంకర్‌కు గుద్దుకుంది. పెళ్లికొడుకులకు పూల సెహ్రాలు కట్టే దుకాణంలోని పెద్దాయన బాపును బయటికి లాగి ఆస్పత్రికి చేర్చాడు. నేను పరుగెత్తుకొని పోయేసరికి ఆ పెద్దాయన గోడకానుకొని ఏడుస్తున్నాడు. "గాడీ కీ ఆవాజ్‌ఇచ్ నై ఆయీ అమ్మా" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. బండి వస్తున్న చప్పుడే లేదట. బాపు రెండు రోజులు ఉన్నాడు. కళ్లు తెరవలేదు.

మా గల్లీ మెకానిక్ వ్యాను చూసొచ్చి తాళంచెవి ఆఫ్‌లో ఉందని చెప్పాడు. ఇలాంటి బండ్లలో ఇంజన్ ఆపితే బ్రేకుకు బలం పోతుందట. ఒకటి రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడి, ఎంత తొక్కినా బండి ఆగదట. స్కూటర్‌కు ఆ బాధ లేదు. ఈ సంగతి బాపుకు తెలియదు. అన్నీ తెలిసిన నాకు కూడా తెలియదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో బాపు చావుకు ఒకటే కారణం. పరామర్శకు వచ్చినవాళ్లతో, చుట్టాలతో, పాలు పోసే ఆమెతో సహా అందరితో అమ్మ ఒకటే చెప్పేది. "పాత అలవాటు. చెంచెడు పెట్రోల్ కోసం పానం తీస్కున్నడు. మస్తు చెప్పిన, ఇన్లే." విన్నవాళ్లు తలాడించి, పిసినారితనం ఎంత పని చేసిందని నిట్టూర్చి వెళ్లేవాళ్లు. బాపు ఆ అలవాటు మానేసి ఏడాది దాటిందనీ, మళ్లీ అంటించింది నేననీ నోటి దాకా వచ్చి ఆగిపోయేది. చెబితే బాపు పరువు నిలబడుతుంది. నేను ఏమవుతానో ఊహించుకొని భయపడేదాన్ని. ఇలా పదేళ్లు గడిచాయి.

ఇప్పుడు ఆ రోడ్డు మీద బ్యాటరీ ఆటోలు వచ్చాయి. చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చి పక్కనుంచి జారిపోతాయి. అలా వచ్చిన ప్రతిసారీ ఉలిక్కిపడి పక్కకు తప్పుకుంటాను. ఒకసారి దుకాణం మెట్టు మీదికెక్కి కళ్లు మూసుకొని నిలబడిపోయాను. ఆటో డ్రైవర్ ఆపి, "ఏమైంది మేడమ్, కూర్చుంటరా?" అని అడిగాడు. వెనక సీటులో పూలమూట ఉంటుందేమోనని ఆ ఆటోలోకి తొంగిచూశాను. నాకు పిచ్చి పట్టిందనుకొని ఉంటాడు. అది నిజం కాదని కూడా నేను గట్టిగా చెప్పలేను. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు "సరే తీ బిడ్డా" అన్న గొంతు గది అవతలి నుంచి వినిపిస్తుంది. కోపంగా ఉన్నా తట్టుకునేదాన్ని, అందులో నవ్వు ఉంటుంది.

మొన్న తమ్ముడు కారు కొందామని బయల్దేరాడు. పెట్రోల్ మళ్లీ తగ్గొచ్చని పేపర్లో వచ్చిందట. పెట్రోల్ కారు తీసుకోవాలా, బ్యాటరీది తీసుకోవాలా తేల్చుకోలేక, "అక్కా, నువ్వే చెప్పు" అన్నాడు. నన్ను అడగొద్దని కసిరి లోపలికి వచ్చేశాను. వాడు ముఖం చిన్నబుచ్చుకొని షోరూముకు వెళ్లాడు.

అమ్మ వెనకే వచ్చి, "వాని మీద ఎందుకు ఎగురుతున్నవ్?" అంది. ఇక నా వల్ల కాలేదు. మంచం మీద కూలబడి మొత్తం చెప్పేశాను. ఆ పొద్దున, నా కోపం, నేనన్న మాట, బాపు నవ్వు అన్నీ. "బాపు తప్పేం లేదమ్మా. నేనే చేయించిన. ఇంక ఆయన్ని అనకు" అని ఏడ్చాను.

అమ్మ వచ్చి మంచం మీద నా పక్కనే కూర్చుంది. తర్వాత కొంగుతో నా ముఖం తుడిచింది.

"నాకెరుకే" అంది.

నేను తలెత్తాను.

"పాలు దెచ్చి గేటు కాడ నిలబడ్డ. నీ మాట ఇన్న, ఆయన మాట ఇన్న. గా తాళంచెవి సంగతి మెకానిక్ చెప్పంగనే నాకు సమజైంది. అందరు ఎట్లాయె ఎట్లాయె అని అడుగుతుంటే నేనేం చెప్పాలె? నీ పేరు చెప్పాలెనా? పోయినాయనను అంటే ఆయనకేం తాకుతది? నువ్వు బతకాలె గద."

పదేళ్లుగా అమ్మ ఆయన్ని తిడుతున్నది నా కోసమని అప్పుడు అర్థమైంది. ఆయన సుఖపడిన ఆ ఏడాదిలో పక్క సీట్లో కూర్చున్న మనిషి, ఆయన పిసినారి కాదని అందరికంటే బాగా తెలిసిన మనిషి అమ్మే. ఆమె ఒడిలో తలపెట్టుకొని ఏడుస్తుంటే గట్టిగా నా భుజం పట్టుకొని, "నీ తమ్మునికి మాత్రం చెప్పకు. వాడు నీ మొకం సూడడు" అంది.

సాయంత్రం తమ్ముడు మిఠాయి డబ్బాతో వచ్చాడు. బ్యాటరీ కారే ఖాయం చేశాడు. పెట్రోల్ తగ్గినా పెరిగినా తనకు ఫికర్ లేదంటూ కూర్చొని, గోడ మీది బాపు ఫోటో వైపు చూశాడు.

"బాపు గా పాడు అలవాటు ఇడిచిపెట్టి ఉంటే, ఇయ్యాల నా కార్ల కూసుంటుండె" అన్నాడు. "గంత మొండితనం ఏందక్కా ఆయనకు?"

అమ్మ నా వైపే చూస్తోంది.

"అవును తమ్మీ" అన్నాను. "ఎన్నిసార్లు చెప్పినా ఇనకపాయె."

పదేళ్లూ నేను నోరు మూసుకొని ఉన్నాను గానీ, బాపు మీద అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. అమ్మ లేచి చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.