ముందు నీళ్లు

సూరత్‌లో, ఉన్ అనే పేట దగ్గరి మరమగ్గాల, అదే సాంచాల, కార్ఖానాలో నా పక్క సాంచాలు నడిపిన అన్న పెదవులు ఎప్పుడూ మెరుస్తుండేవి. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె కన్నంలోంచి దారాన్ని నోటితో పీల్చి ఎక్కించే పని మాది. దారపు నూగుకు అందరి పెదవులూ పగిలేవి. అన్న మాత్రం తేనెమైనాన్ని కొబ్బరినూనెలో కరగబెట్టి డబ్బీలో దాచుకునేవాడు. పెదవులు నీళ్లతో తడుపుకున్నాకే దాన్ని రాసేవాడు.

నేను పొడి పెదవుల మీదే రాసుకోబోతే చెయ్యి పట్టుకునేవాడు.

"గట్ల కాదు తమ్మీ. నూనె మెత్తగ చేస్తది. మైనం ఉన్న తడిని పోనియ్యది, గంతే. లేని తడిని యాడికెల్లి తెస్తది? ముందు నీళ్లు."

ఒక మధ్యాహ్నం ఊరి నుంచి అన్నకు ఫోన్ వచ్చింది. ఆయన భార్య, మా వదిన, చనిపోయిందట. ఫోన్ జేబులో పెట్టుకుని, తన సాంచాలు ఒక్కొక్కటే ఆపాడు.

"ఏడువు అన్నా, జర తేలికైతది," అన్నారెవరో.

ఆయన డబ్బీ తీసి, ఎండిన పెదవులకు మైనం రాయసాగాడు. రాస్తూనే ఉన్నాడు.

"అన్నా, నీళ్లు," అంటూ బాటిల్ అందించాను.

పొడి కళ్లతో బాటిల్ వైపు చూశాడు.

"ఏం నీళ్లు?" అన్నాడు.