రంగుడ్రమ్ములో గుండుమల్లె

హిందూపురంలో మా మేడ మీద కుండీలో మల్లె పూసిందంటే ఇంట్లో అందరూ సంబరపడతారు గానీ, నాకు ఆ వాసనతోపాటే పచ్చి నెత్తురు వాసన కూడా తగులుతుంది.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ ధర్మవరంలో మా మేనత్త ఇంట్లోనే గడిచేవి. నేతగాళ్ల వీధి కాబట్టి పొద్దున లేస్తూనే మగ్గాల టకటకలు, ఉడికే పట్టు కంపు, ఆ వెనకే ఎవరింట్లోనో ఉగ్గాని తాళింపు వాసన. అత్త ఒక పాత రంగుడ్రమ్ము అడుగున చిల్లులు పొడిచి, ఎర్రమన్ను, ఇసుక, గొర్రె పెంటికలు కలిపి నింపి, అందులో గుండుమల్లె పెంచేది. చలి తగ్గుతూనే నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు నరికి మోడు చేసేదట; నేను సెలవులకు పోయేసరికి చెట్టంతా మొగ్గలే.

ఆ పూలే మామకు కంటగింపు. అత్త తలలో పూలు కనపడితే చాలు, మగ్గం గుంతలోంచి లేచొచ్చి, "ఎవురికోసరమే ఈ సోకు?" అంటూ జుట్టు పట్టి గోడకేసి కొట్టేవాడు. ఆమె సొంత తమ్ముడైన మా నాయన "సర్దుకో అక్కా" అనేవాడు, అంతే.

ఒక సాయంత్రం అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మచ్చుకత్తితో ఎండుకొమ్మలు కొడుతోంది. మామ వచ్చి చెట్టును వేళ్లతో సహా పెరికి, మొగ్గలను చెప్పుకాలితో నలిపి, ఆ మన్నే తీసి ఆమె నోట్లో కుక్కాడు. నేను అరిస్తే నా చెంప పగలగొట్టాడు. అప్పుడు లేచింది అత్త. నోట్లో మన్ను ఉమ్మేసి, డ్రమ్ము అంచు పట్టి పడదోయబోతున్న అతని కుడిచేతి మీద కత్తి వేసింది. రెండు వేళ్లు తెగి మొగ్గల్లో పడ్డాయి.

"ఇంగొకసారి నామీద గానీ పాపమీద గానీ చెయ్యెత్తితే, ఆ చెయ్యే ఉండదు" అంది, గొంతు పెంచకుండా.

ఆస్పత్రిలో అడిగితే మామ, "కట్టెలు కొడతాంటే తెగినాయి సార్" అన్నాడు. పెళ్లాం నరికిందని చెప్పుకోవడం కన్నా అదే నయమనుకున్నట్టున్నాడు. పోగు పట్టే వేళ్లు పోయాక మగ్గంలో అత్తే కూర్చుంది. పెరికిన చెట్టును మళ్లీ నాటి, తలనిండా పూలు పెట్టుకుని నేసేది. మామ రాట్నం మీద దారం కండెలు చుట్టి అందించేవాడు, తలెత్తేవాడు కాదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మొన్న పెనుకొండలో పెళ్లికి పోయి, అట్నుంచి ధర్మవరంలో అత్త వాళ్ల వీధికి వెళ్లాను. చేతిమగ్గం ఒక్కటీ మిగల్లేదు. ఇంటింటా మరమగ్గాలు హోరెత్తుతున్నాయి. ఆ రోజుల్లో అత్త ఏడుపు వీధి చివరిదాకా వినపడేది, విన్నవాళ్లెవరూ లేచొచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు పక్కగదిలో అరిచినా వినపడదు.