రెండో దగ్గు

కురమోచి ఇసాము గారు పొద్దున్నే గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి, కొట్టు షట్టరు ఎత్తేముందు "ఆ" అంటూ ఒక్క స్వరాన్ని పైదాకా సాగదీసేవారు. ఆ కేకకు ఎదుటి చేపల కొట్టువాళ్ల పిల్లి లేచి లోపలికి పోయేది.

జపానులో, ఒసాకా పక్కనున్న అమగసాకిలో మా వీధి చివర ఆయనది తతామీ చాపల కొట్టు, ఇళ్లలో నేలంతా పరిచే గడ్డి చాపలవి. పాతబడిన చాపలకు పైపొర మార్చి, అంచులు కుట్టి ఇవ్వడం ఆయన పని. ఆదివారాలు మాత్రం ఆయన ఇంగ్లండు గాయకుడు.

డెబ్భై రెండులో ఒక ఇంగ్లండు రాక్ బృందం ఒసాకాలో రెండు రాత్రులు పాడింది. రెండో రాత్రి జనంలో ఎవరో దొంగచాటుగా రికార్డు చేసిన టేపే, ఆ పాటల్ని అచ్చం అలాగే పాడే ఇసాము గారి బృందానికి ప్రమాణం. బృందం పేరు కూడా 'రెండో రాత్రి'. పాటలే కాదు, ఆ రాత్రి దొర్లిన తప్పులు కూడా ఉన్నవి ఉన్నట్టు దింపాలన్నది వాళ్ల నియమం. గిటారు శ్రుతి తప్పిన చోట తప్పాలి. మూడో పాటలో ఆఖరి చరణానికి ముందు ఆ గాయకుడు ఒకసారి దగ్గాడు. ఇసాము గారూ అక్కడ ఒకసారి దగ్గాలి. ఇరవై ఆరేళ్లు అలాగే దగ్గారు. ఏటా నవంబరులో స్టేషను పక్క నేలమాళిగలో జరిగే కచేరీలో ఆ దగ్గుకు విడిగా చప్పట్లు పడేవి.

అరవై రెండో ఏట, వేసవిలో, సాధన చేస్తుండగా ఆయన రెండుసార్లు దగ్గారు. గిటారు వాయించే తొకునాగా చెయ్యెత్తి పాట ఆపేశాడు. అతను ఇసాము గారి బడి స్నేహితుడు. నూడుల్స్ కొట్టు నడుపుతాడు.

"టేపులో ఉన్నది ఒకటేరా! ఆ రెండోది ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావ్?"

"జారిపోయిందిరా."

"జారబోతే మింగెయ్. నీ సొంత కవిత్వం ఇక్కడొద్దు."

అందరూ నవ్వారు. ఇసాము గారు తల వంచి క్షమించమన్నారు.

ఆ రోజు నుంచి ఆయన రెండో దగ్గును మింగడం సాధన చేశారు. గడ్డి దుమ్ములో కూర్చొని, పెదవులు బిగబట్టి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కుట్టు ఆపి, మళ్లీ మొదలుపెట్టేవారు. భార్య మిసావో చూస్తూనే ఉంది.

"ఏమండీ, డాక్టరు దగ్గరికి పదండి."

"చాప దుమ్మేలే. మా నాన్నకీ ఉండేది."

"మామయ్య గొంతు ఇలా గీరుకుపోలేదు."

"ఆ ఇంగ్లీషాయనది గీరుకుపోయే ఉంటుంది."

"అతనికప్పుడు ఇరవై నాలుగు. మీకెన్నో చెప్పమంటారా?"

"నవంబరు కానియ్. ఇప్పుడు గొట్టాలూ అవీ దూరిస్తే గొంతు మారిపోతుంది."

నవంబరు కచేరీలో ఒక్కసారే దగ్గారు. మెట్ల మీద తొకునాగా ఆయన వీపు చరిచాడు. "ఇవాళ్టిది టేపు కన్నా అసలైనదిలా ఉందిరా!"

డిసెంబరులో డాక్టరు క్యాన్సరని చెప్పి, స్వరపేటిక తీసెయ్యాలన్నాడు. వేసవిలోనే వచ్చి ఉంటే కొంతైనా మిగిలేదేమో అన్నాడు. ఆస్పత్రి వరండాలో తొకునాగా నిలబడి, "మింగమన్నది నేనే వదినా" అన్నాడు.

"తెలుసు. ఆయనకు మీ మీద కోపం లేదు. నాకుంది."

ఆపరేషనుకు ముందు, కావాలంటే గొంతు రికార్డు చేసుకొమ్మంది నర్సు. ఇంట్లో ఇరవై ఆరేళ్ల కచేరీల టేపులున్నాయి కదా అనుకుంది మిసావో. ఆలోచిస్తే, వాటన్నిటిలోనూ ఉన్నది మరొకరి గొంతే. ఇసాము గారు ఫోను నోటి దగ్గర పెట్టుకున్నారు. తన పేరు, భార్య పేరు చెప్పారు. ఆ తర్వాత దగ్గు వచ్చింది. ఈసారి మింగలేదు. ఎంతసేపటికీ ఆగకపోతే మిసావోయే ఫోను తీసుకొని ఆపేసింది.

'రెండో రాత్రి' మళ్లీ పాడలేదు.

ఇసాము గారికిప్పుడు అరవై అయిదు. చాపలు కుడుతున్నారు. చెప్పాల్సింది చిన్న పలక మీద రాసి చూపిస్తారు. తొకునాగా మంగళవారాలు వచ్చి ఆయన పక్కన కూర్చుంటాడు. మిసావో ఇప్పటికీ అతనితో మాట్లాడదు.