నీటిగండం పిల్ల సముద్రానికి వెళ్లడం

నాకు నీటిగండం ఉంది. జాతకం రాసిన సిద్ధాంతిగారు, ఇరవై ఏళ్లు నిండేదాకా పిల్లని నీళ్లలో దిగనివ్వొద్దని చెప్పి వెళ్లారట. ఆ మాటని ఆయన ఆ సాయంత్రమే మరిచిపోయి ఉంటారు. మా మామ్మ మరిచిపోలేదు. మా ఇంట్లో నూతికి ఇనప మూత ఉండేది. నా స్నానానికి బకెట్ సగమే నిండేది. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం వెళ్లే బస్సు మడపాం దగ్గర వంశధార వంతెన ఎక్కగానే మామ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది, వంతెన దిగాక వదిలేసేది. అది మా ఇద్దరికీ ఎంత అలవాటైపోయిందంటే, వంతెన వస్తోందనగా నేనే చెయ్యి అటు జరిపేదాన్ని.

డిగ్రీకి విజయనగరం హాస్టల్లో చేరతానన్నప్పుడు నాన్న సరేనన్నాడు, అమ్మ సరేనంది. మామ్మ మాత్రం అరచెయ్యి చాపి, నీళ్లలో దిగనని అందులో చెయ్యి వేసి చెప్పమంది. చెప్పాను. అప్పటికి అదేమంత కష్టమైన మాటగా అనిపించలేదు. సముద్రం అప్పటికి నాకు పుస్తకాల్లోనే తెలుసు. స్కూలు లైబ్రరీలో ఓడలూ దీవులూ ఉన్న కథలన్నీ చదివేసి, చూడని సముద్రం గురించి డైరీలో పేజీలు పేజీలు రాసుకునేదాన్ని. ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేని నాకు అదొక సుఖం.

హాస్టల్ గదిలో నాకు ఇద్దరు దొరికారు. ఒకతి గరివిడి నుంచి వచ్చింది. ఫ్యాక్టరీ పక్కన క్వార్టర్లలో పెరిగింది కాబట్టో ఏమో, గుసగుసగా చెప్పినా మెట్ల దాకా వినిపించేది. ఎక్కడికి వెళ్లాలన్నా ముందు ఆవిడకే తోచాలి. రెండోది పూసపాటిరేగ దాటి లోపలికి వెళ్తే వచ్చే సముద్రం ఒడ్డు ఊరిది. వాళ్ల నాన్న, చిన్నాన్నలు చేపల వేటకి వెళ్తారు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని పొద్దున్న బస్సుకి విజయనగరం వచ్చి చేపలు అమ్ముతుంది. ఈ పిల్ల తక్కువ మాట్లాడేది, మాట్లాడిందంటే అడ్డం తిరగడానికి ఏమీ మిగిలేది కాదు.

మొదటిసారి వైజాగ్ వెళ్లిన ఆదివారం నాకు రాత్రంతా నిద్ర లేదు. పాసింజర్ బండిలో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చారు. కొత్తవలస దగ్గర బండి ఆగిపోయి ఎంతకీ కదలకపోతే, దిగి నడిచి వెళ్లిపోదామని అన్నది నేనే. వాళ్లిద్దరూ నా మొహం చూసి నవ్వారు. స్టేషన్ నుంచి సిటీ బస్సు ఎక్కాం. బస్సు ఒక మలుపు తిరిగి పల్లంలోకి దిగుతుండగా, రోడ్డు చివర నీలంగా ఒక గోడ నిలబడి ఉంది. మేం దిగుతున్నాం, అది మాత్రం మాకంటే ఎత్తులో ఉంది. సముద్రం అలా నిలబడి కనిపిస్తుందని నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. పక్కనున్న ముసలాయన భుజం మీద చెయ్యి వేసి నిలదొక్కుకున్నానని బస్సు దిగాక గరివిడి పిల్ల చెప్తేగానీ నాకు తెలియలేదు.

వాళ్లు ఇసకలోకి పరుగెత్తారు. నేను చెప్పుల దగ్గర కూర్చున్నాను. మూడు జతల చెప్పులు, మూడు బ్యాగులు, రెండు ఫోన్లు, ఒక మురీ మిక్చర్ పొట్లం, అన్నిటికీ నేనే కాపలా. మాట ఇచ్చిన సంగతి వాళ్లకి ముందే చెప్పాను కాబట్టి ఎవరూ బలవంతం చెయ్యలేదు. కానీ ఊరుకుంటే వాళ్లెందుకు అవుతారు. ఒడ్డున పెట్టిన సబ్‌మెరైన్ చూడ్డానికి టిక్కెట్లు కొని నన్ను లోపలికి తోసి, నీళ్లు తగలకుండా నీళ్ల అడుక్కి పంపించిన ఘనత తమదేనని గరివిడి పిల్ల లోపలున్న గైడుకి కూడా చెప్పుకుంది. ఆ ఇరుకు పడకలు, మీటలు, గుండ్రటి తలుపులు చూసుకుంటూ నేను రెండుసార్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి వచ్చాను.

తర్వాత భీమిలి వెళ్లాం. ఆ తర్వాత మా జిల్లా నేనే చూపిస్తానని పట్టుబట్టి కళింగపట్నం తీసుకెళ్లాను. అక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది. నన్ను తినేయడానికి నదీ సముద్రమూ ఇక్కడ మాట్లాడుకుంటున్నాయని గరివిడి పిల్ల దండం పెట్టించింది. ఎక్కడికి వెళ్లినా నా పని ఒక్కటే. వాళ్లు తడిసి వచ్చాక చున్నీలు పిండి ఇచ్చేదాన్ని. ఆ నీళ్లు నా చేతుల మీంచి కారేవి. హాస్టల్‌కి వచ్చాక చేతులు కడుక్కునే ముందు, ఎవరూ చూడకుండా ఒక వేలు నాలిక మీద పెట్టుకునేదాన్ని.

భీమిలిలోనే ఒక మాట అయింది. సముద్రం ఊరి పిల్ల తడి జుట్టు విప్పుకుంటూ నా పక్కన కూర్చుని, నీకు భయమా, దిగాలని లేదా అని అడిగింది. భయం లేదన్నాను. దిగాలని ఉందన్నాను. అలా పైకి అనడం అదే మొదటిసారి.

"మా ఊర్లో అందరికీ ఉన్నాది నీటిగండం," అంది. "అలగని ఏటకెల్లడం ఎవులు మానీసినారు?"

జుట్టు ముడి వేసుకుంటూ, "అయినా మాటిచ్చినావు. ఇంకేటి సేస్తాం," అని లేచింది.

మూడో సంవత్సరం జూన్‌లో కాలేజీ తెరిచిన వారానికే ఇద్దరూ కలిసి ఏదో గూడుపుఠాణీ మొదలుపెట్టారు. ఆదివారం సముద్రం పిల్ల వాళ్ల ఊరికి రమ్మన్నారు. వేసవిలో వేట ఆపే రోజులు అప్పుడే అయిపోయాయి, పడవలు మళ్లీ దిగుతున్నాయి, ఊరంతా సందడిగా ఉంటుందంది సముద్రం పిల్ల. గరివిడి పిల్ల ఒళ్లో ఒక అట్టపెట్టె పెట్టుకుని బస్సులో, తర్వాత ఆటోలో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దారి పొడుగునా జీడిమామిడి తోటలు, ఆ తర్వాత సరుగుడు చెట్లు. చెట్ల వెనక నుంచి హోరు ముందు వినిపించింది. ఆటో ఆగకముందే నేను దిగేశాను.

కొత్త రంగులేసిన పడవలు ఇసక మీద వరసగా ఉన్నాయి. వలలు ఆరేసి ఉన్నాయి. వాళ్లమ్మ మమ్మల్ని చూసి, ముందు తిని వెళ్లమంటే, వచ్చి తింటామని ఒడ్డుకి లాక్కుపోయారు నన్ను. ఒక పడవ నీడలో అట్టపెట్టె విప్పారు. లోపల కేక్. ఎండకి క్రీము ఒక పక్కకి జారిపోయింది గానీ గులాబీ రంగు అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి: గండం గడిచింది. పేరు రాయించుకోవాలి గానీ ఇదేమిటని బేకరీ ఆయన అడిగితే, మా పిల్ల పేరు అదేనని చెప్పిందట గరివిడి పిల్ల.

నా హాల్ టికెట్ మీద పుట్టినతేదీ చూశారు వాళ్లు. లెక్క వేసుకున్నారు. నాకు ఆ రోజుతో ఇరవై నిండాయి, ఇక దిగొచ్చు. వాళ్ల మొహాలు వెలిగిపోతున్నాయి.

ఆ తేదీ నాది కాదు. ఒకటో తరగతిలో వేసినప్పుడు వయసు చాలలేదని బడిలో మాస్టారు జూన్ అని రాసేశారు. మా ఊళ్లో సగం మందిమి జూన్‌లోనే పుట్టాం. నేను పుట్టింది కార్తీకంలో. మామ్మ లెక్క కార్తీకానికే.

నేను ఏమీ అనకుండా కేక్ కోసేస్తే సరిపోయేది. వాళ్లకి తెలియదు, మామ్మకి తెలియదు. ఎదురుగా సముద్రం ఉంది. ఆ రోజు దాని రంగు పచ్చా కాదు, నీలమూ కాదు. అల విరిగి వచ్చిన నురగ మా చెప్పులకి జానెడు దూరంలో ఆగి ఇంకిపోతోంది. నాకు ఒళ్లంతా అటే లాగుతోంది. అయినా నోరు పెగిలింది. ఇది స్కూలు తేదీ అని చెప్పాను, అసలుది ఇంకా రాలేదని చెప్పాను.

గరివిడి పిల్ల కేక్ వంకా నా వంకా చూసింది. "గవర్నమెంటు ఒప్పుకున్న తేదీని యముడు ఒప్పుకోడేటే?" అంది.

సముద్రం పిల్ల మాత్రం నన్నే చూస్తోంది. "మీ మామ్మని అడిగినావా ఎప్పుడైనా?" అంది.

అడగలేదు. వద్దంది, దిగనన్నాను, అంతే. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా దిగుతానని మామ్మని అడగలేదు. అసలు నేను ఎవరినీ ఏదీ అడిగేదాన్ని కాదు.

ఫోన్ తీశాను. కింద సిగ్నల్ లేదు. పడవ ఎక్కమని ఇద్దరూ నన్ను కింద నుంచి ఎత్తారు. పడవ అంచు మీద నిలబడి, అటుపక్క వల బాగుచేసుకుంటున్న మగవాళ్లందరూ వింటుండగా, నా గొంతే అని నమ్మలేనంత గట్టిగా మాట్లాడాను.

"మామ్మా, సముద్రం కాడున్నాను. దిగాలనున్నాది."

గాలి హోరుకి ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాను.

"కార్తీకం రానేదు కదే," అంది మామ్మ.

"రానేదు. నీకు సెప్పకుండా దిగను. అందుకే ఫోను సేసినాను."

"ఏటి ఇంత తొందర?"

చెప్పులకి కాపలా కాయలేకపోతున్నానని చెప్పాను. వీళ్లు కేక్ తెచ్చారని చెప్పాను. వరసా వాయీ లేకుండా ఏదేదో చెప్తుంటే మామ్మ మధ్యలో ఆపింది.

"ఎప్పుడూ అడగనేదు నువ్వు," అంది. కోపంగా అనలేదు. ఆశ్చర్యంగా అంది. "పక్కనెవులున్నారు?"

వాళ్లిద్దరూ కూడా పడవ ఎక్కాక ఫోన్ సముద్రం పిల్లకి ఇచ్చాను. ఎవరి పిల్లవి, మీ వాళ్లేం చేస్తారు, నీకు ఈత వచ్చా, అక్కడ ఒడ్డు లోతా, మామ్మ అన్నీ అడిగినట్టుంది. ఈ పిల్ల ఒక్కో మాటతో జవాబు చెప్పి, చివర్న "అలాగే మామ్మా, సెయ్యి ఒగ్గను" అని ఫోన్ గరివిడి పిల్ల చేతిలో పెట్టింది. తీర్పు ఇది: మోకాళ్ల వరకే, చెయ్యి వదలకూడదు, ఫోన్ కట్ చెయ్యకూడదు, ఒడ్డున ఉన్నవాళ్లు చూసింది చూసినట్టు చెప్తుండాలి.

పడవ మీద నుంచి నేను ఎలా దిగానో నాకు గుర్తులేదు. సముద్రం పిల్ల నా మణికట్టు పట్టుకుంది. తడి ఇసక చల్లగా, గట్టిగా ఉంది. మొదటి నీళ్లు వేళ్ల మీంచి వచ్చి మడమల వెనక్కి పోయాయి. పోతూ పోతూ నా పాదాల కింద ఇసకని తవ్వుకుపోయాయి. నేను కదలకపోయినా భూమి కదిలింది. కెవ్వుమన్నాను. అంత పెద్ద కేక నాలో ఉందని నాకే తెలియదు. వెనక పడవ మీంచి గరివిడి పిల్ల రేడియోలో చెప్పినట్టు చెప్తోంది: పాదాలు తడిసినాయి మామ్మా, నవ్వుతున్నాది, సీలమండలు, ఇప్పుడు పిక్కలు, సెయ్యి పట్టుకునే ఉన్నాది.

మోకాళ్ల దాకా వచ్చాక ఆగాం. నిజంగానే ఆగాం. సముద్రానికే ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ముందొక అల తగ్గినట్టే తగ్గి, దాని వెనకది లేచింది. ఎండ దాని లోపల నుంచి పచ్చగా కనిపించింది. ఎగురు అని ఆ పిల్ల అరిచేలోపు అది నా ఛాతీకి తగిలి, నెత్తి మీంచి దాటిపోయింది. ఒక్క క్షణం చెవుల్లో ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిస్తే అంతా మసక ఆకుపచ్చ. నోట్లో, ముక్కులో ఉప్పు. మణికట్టు మీద మాత్రం ఆ పట్టు అలాగే ఉంది. లేచి నిలబడేసరికి నా జడ ఊడిపోయి మొహానికి అతుక్కుంది, ఒక గవ్వ చున్నీలో చిక్కుకుంది, నేను దగ్గుతూ నవ్వుతున్నాను. సముద్రం పిల్ల కూడా నవ్వుతోంది. రెండేళ్లలో ఆమె అంత నవ్వడం చూడలేదు.

పడవ మీద గరివిడి పిల్ల ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని, "మోకాళ్లే మామ్మా, మోకాళ్లే," అని ప్రమాణం చేసినట్టు చెప్తోంది.

నీళ్లు కారుతూ వచ్చి పడవ ఎక్కి ఫోన్ తీసుకున్నాను. ఆయాసపడుతూనే చెవికి పెట్టుకున్నాను. అటు మామ్మ ఊపిరి వినిపిస్తోంది.

"ముందు తల తుడుసుకో," అంది మామ్మ. "జలుబు సేస్తాది."

తల తడిసిందని ఎవరూ చెప్పలేదు. చున్నీ పిండి జుట్టు తుడుచుకోవడం మొదలుపెట్టాను, మామ్మ ఫోన్‌లోంచి చూస్తున్నట్టే.

"ఎలగున్నాది?" అంది కాసేపటికి.

డైరీలో ఇన్ని పేజీలు రాసినదాన్ని, ఉప్పగా ఉందన్నాను. మామ్మ నవ్వింది. మళ్లీ దిగుతావా అని అడిగింది. దిగుతానన్నాను, వెంటనే, ఏమీ ఆలోచించకుండా.

"సరే ఎల్లు. ఫోను పెట్టీకు. ఆ సప్పుడు నన్నూ ఇననీ."

ఫోన్ గరివిడి పిల్లకి ఇచ్చాను. ఆవిడ దాన్ని నీళ్ల వైపు తిప్పి పట్టుకుంది. సముద్రం పిల్ల అప్పటికే కింద చెయ్యి చాపి ఉంది. ఈసారి నేనే ముందు పరుగెత్తాను.