ఆగకుండా తొమ్మిది చుట్లు

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. లమయ్ విషయంలో జారింది నోరు. శిక్ష పడింది మాత్రం కాళ్ళకి.

పాక్‌నామ్‌ఫో ఊరి బజారులో కూర కజ్జికాయలంటే లమయ్ కొట్టుకే పోవాలి. లోపల బంగాళాదుంపా కోడిమాంసమూ కూరి, అంచులు జడలాగా అల్లి, దోరగా వేయించి తీస్తుంది. మొగుడు చనిపోయిన ఏడాది పొయ్యి మీద పెట్టిన మూకుడు, ఇప్పటికీ దించలేదు. ఉన్న ఒక్క కొడుకు తోన్ తెల్లారకముందే లేచి పిండి పిసికి ఇచ్చి, మోటారుసైకిలు మీద ఐసు ఫ్యాక్టరీ పనికి పోతాడు. లమయ్ ఎక్కిన పీట దిగదు. వీధి చివరికి పోవాలన్నా కొడుకు బండెక్కే మనిషి. కొబ్బరిపాలు పొంగినప్పుడు తప్ప ఆమె పరుగెత్తగా చూసినవాళ్ళు లేరు.

ఆ ఏప్రిల్లో తోన్‌కి సైన్యం చీటీల పిలుపు వచ్చింది. ఇరవై ఒకటో ఏట ప్రతి మగపిల్లవాడూ వెళ్ళి కుండలో చెయ్యి పెట్టాల్సిందే. నల్ల చీటీ వస్తే ఇంటికి, ఎర్ర చీటీ వస్తే సైన్యం బ్యారక్‌లకి. చొక్కాలు విప్పిన కుర్రాళ్ళు వరుసలో నిలబడితే, బయట పందిరి కింద తల్లులు విసనకర్రలతో విసురుకుంటూ కనపడ్డ దేవుడికల్లా మొక్కుతున్నారు. "పిండి ఎవరు పిసుకుతారే నాకు" అని లమయ్ పైకి అంటోంది. లోపలి భయం పిండి గురించి కాదు. సరిహద్దుకి పంపితే వాడేమైపోతాడో అన్నది ఆమె భయం.

పక్కన కూర్చున్నది జే హువై. బజారులో లమయ్ పక్క కొట్టు ఆమెదే, పందిమాంసం అన్నం అమ్ముతుంది. చైనా వాళ్ళ ఇళ్ళలో అక్కని 'జే' అంటారు. ఊళ్ళో అరవై దాటిన మగవాళ్ళు కూడా ఆమెని జే అనే పిలుస్తారు. మొక్కుల విషయంలో ఆమె మాటకి తిరుగులేదు.

"ఆకోంగ్‌కి మొక్కుకో" అంది జే హువై. ఆకోంగ్ అంటే తాత. మునిసిపాలిటీ మైదానం ఎదురు గుడిలో ఉండే దేవుణ్ణి ఊరంతా అలాగే పిలుస్తుంది.

"పంది తల పెడతానని మొక్కుకున్నాను జే, ఇందాకే."

"పంది తలలు తినీ తినీ ఆయనకి మొహం మొత్తింది. ఆ మూల కూర్చున్నావిడా పంది తలే అంది. నీకు కష్టమైంది ఏదన్నా చెప్పు, అప్పుడు ఇటు చూస్తాడు."

సరిగ్గా అప్పుడే లోపల తోన్ పేరు పిలిచారు. లమయ్ విసనకర్ర పక్కన పడేసింది. కళ్ళు మూసుకుని, చేతులు నెత్తిన జోడించి, పందిరంతా వినపడేలా అనేసింది. "ఆకోంగ్, నా బిడ్డకి నల్ల చీటీ ఇప్పించు. నీ ఎదురుగా మైదానం చుట్టూ తొమ్మిది చుట్లు ఆగకుండా పరిగెడతాను."

నల్ల చీటీయే వచ్చింది. లమయ్ ఏడ్చింది, నవ్వింది, సాయంత్రం మూకుడులోవన్నీ ఊరికే పంచిపెట్టింది. ఆ పంచుతున్న చేతిలోంచి ఒకటి తీసుకుని కొరుకుతూ జే హువై అడిగింది, "మరి ఎప్పుడు పరిగెడతావే?"

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. లమయ్ కూడా మనిషే కదా, పక్కదార్లు వెతికింది. పరుగు బదులు నడిస్తే? "పరిగెడతానని నోటితో అన్నావు, నేను విన్నాను" అంది జే. పోనీ తన బదులు తోన్ పరిగెడితే? "మొక్కింది ఎవరు, తీర్చేది ఎవరు? నేను అన్నం తింటే నీ ఆకలి తీరుతుందా?" అంది జే. తొమ్మిది చుట్లూ తొమ్మిది రోజుల్లో? "ఆగకుండా అన్నావమ్మా. ఆ ముక్క ఎవరు చేర్చమన్నారు నిన్ను?"

ఇంతలో తోన్ బండి టైరు పంక్చరయింది. మర్నాడు వాడు స్నానాలగదిలో జారి మోచెయ్యి గీరుకున్నాడు. ఆ వారంలోనే ఇంకో పంక్చరు. జే హువై పంక్చరు వంకా లమయ్ వంకా మార్చి మార్చి చూసింది, అంతే. ఆ చూపుకి లమయ్‌కి రెండు రాత్రులు నిద్ర లేదు. ఇచ్చిన తాత వెనక్కి తీసుకుంటే?

మూడోనాడు సాయంత్రం అయిదింటికి పొయ్యి ఆర్పి మైదానానికి పోయింది. కాళ్ళకి రబ్బరు చెప్పులు, ఒంటికి రోజూ కట్టే లుంగీయే. గుడివైపు దణ్ణం పెట్టుకుని, వెనక కుక్క తరుముతున్నట్టు లంకించుకుంది. మొదటి మలుపు రాకముందే ఒక చెప్పు ఎగిరి గడ్డిలో పడింది, గుండె గొంతులోకి వచ్చింది, కళ్ళు బైర్లు కమ్మాయి. గట్టున కూలబడి, ఈ జన్మలో తన వల్ల కాదని ఏడుపు మొదలుపెట్టింది.

ఆమె చెప్పు పట్టుకుని ఒక ముసలాయన నింపాదిగా పరుగెత్తుకుంటూ వచ్చాడు. విచియన్ అని, రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరైనవాడు. రోజూ సాయంత్రం ఇక్కడే తిరుగుతాడు. ఆయన పరుగు చూస్తే నడిచేవాళ్ళకి కూడా జాలేస్తుంది, అంత నెమ్మది.

"ఏమ్మాయ్, ఎవర్ని పట్టుకుందామని?" అన్నాడు.

యాభై నిండిన తనని అమ్మాయ్ అన్నందుకు లమయ్‌కి ఏడుపులోనే నవ్వొచ్చింది. సంగతంతా చెప్పింది.

"తొమ్మిది చుట్లన్నావు. తొందరగా అన్నావా?"

"లేదు బాబాయ్."

"మరింకేం. ఆకోంగ్‌కి మాత్రం రైలెక్కే పనుందా? పరిగెడుతూ నాతో కబుర్లు చెప్పు. కబురు ఆగిందంటే జోరెక్కువైందని. ఈ దీపస్తంభం నుంచి ఆ స్తంభం దాకా పరుగు, తర్వాత స్తంభం దాకా నడక. ముందు ఆ చెప్పులు పారేసి బూట్లు కొనుక్కో."

బూట్లు తోన్ తెచ్చాడు. తల్లి ఎప్పుడూ వేసుకోని గులాబీ రంగువి. "నల్లవేవీ దొరకలేదా?" అంటే, "నల్లది ఒకసారి తెచ్చాగా అమ్మా, దానికే ఇంత అయింది" అన్నాడు వాడు.

కబుర్లు చెప్పమంటే లమయ్‌కి లోటా? బజారు గొడవలన్నీ విచియన్ చెవిలో పోసింది. మొదట్లో ఒక స్తంభం దాకా పరిగెత్తేసరికి సగం కబురే అయ్యేది, మిగతా సగం నడుస్తూ చెప్పేది. రోజులు గడిచేకొద్దీ కబుర్లు పొడుగయ్యాయి. పిక్కలు పట్టేసి ఒక వారం మెట్లు వెనక్కి తిరిగి దిగింది. ఏప్రిల్ ఎండలు పోయి వానలు పట్టాయి. ఒకనాడు చేపల కొట్టువాడి రెండో పెళ్ళి కథ మొదలుపెట్టి చివరికంటా చెప్పి చూసుకుంటే, నడక లేకుండానే మైదానం చుట్టి వచ్చేసింది. తోన్ పుట్టినప్పటి తర్వాత తన ఒంటిని చూసుకుని అంత మురిసిపోవడం అదే.

ఇంకోటి కూడా జరిగింది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. తెల్లారిన దగ్గర్నుంచి అందరికీ వండి, అందరికీ కట్టి ఇచ్చే రోజులో, సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఉన్న ఆ గంటలో ఆమెని ఏదీ అడిగేవాళ్ళు లేరు. నాలుగున్నర నుంచే గడియారం వంక చూడటం అలవాటైంది. మూకుడు దగ్గర నిలబడి తనలో తాను పాడుకుంటోందని జే హువై బజారంతా చెప్పింది.

చివరికి ఒక మంచిరోజు చూసి మొక్కు తీర్చడానికి బయల్దేరింది. జే హువై అగరుబత్తులూ మడతకుర్చీ తెచ్చుకుంది. చుట్టుకో అగ్గిపుల్ల విరుస్తూ లెక్కపెట్టే పని ఆమెదే. తోన్ పనికి సెలవు పెట్టి వచ్చాడు. సరిగ్గా మొదలుపెట్టే వేళకి వాన దిగింది. అందరూ గుడి చూరు కింద నిలబడ్డారు. వాన వెలిసేసరికి అనుకున్న వేళ దాటిపోయింది. ఆ ఆలస్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

లమయ్ తన జోరులోనే పరిగెత్తింది. విచియన్ పక్కన ఉన్నాడు, కబుర్లు నడుస్తున్నాయి. అయిదు చుట్లు, ఆరు, ఏడు. కాళ్ళు బరువెక్కాయి గాని ఊపిరి ఆడుతోంది. ఎనిమిదో చుట్టులో గుడి ఎదురుకి వస్తుండగా స్తంభం మీద లౌడుస్పీకరు గరగరలాడింది. ఆరయింది. రోజూ లాగే జాతీయగీతం మొదలైంది.

బంతి వెనక పడ్డ కుర్రాళ్ళు ఆగారు. బంతి ఆగలేదు, దొర్లుతూ పోయింది. ఐస్‌క్రీము బండివాడు ఆగాడు. జే హువై కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడింది. పుట్టిన దగ్గర్నుంచీ ఈ పాటకి అడుగు కదపని ఊరది. లమయ్ కాళ్ళు ఆమెని అడగలేదు, వాటంతట అవే ఆగిపోయాయి. ఆగకుండా అని మొక్కిన మనిషి, ఆ మొక్కు విన్న దేవుడి ఎదురుగానే, చేతులు రెండు పక్కలా పెట్టుకుని బొమ్మలా నిలబడింది. చెంపల మీద చెమటతో పాటు కన్నీళ్ళూ దిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తకూడదు.

పాట అయిపోయాక తొమ్మిదో చుట్టు కూడా పూర్తిచేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఆగావు" అంది జే హువై, మెల్లగానే.

"నువ్వూ ఆగావుగా జే" అన్నాడు తోన్.

"నేను మొక్కలేదురా."

"ఆ పాటకి ఆగడం ఆగినట్టా? రైళ్ళే ఆగుతాయి" అన్నాడు విచియన్.

"నన్నెందుకు అడగడం" అంది జే హువై. "ఎదురుగా ఆయనున్నాడు. ఆయన్నే అడగండి."

గుడిలో పీఠం దగ్గర అర్ధచంద్రాల్లాంటి రెండు చెక్కముక్కలుంటాయి. ఒకవైపు బల్లపరుపు, ఒకవైపు ఉబ్బెత్తు. అడగాల్సింది అడిగి కింద వేస్తే, ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడితే అవునని, రెండూ వెల్లకిలా పడితే తాత నవ్వుతున్నాడని, రెండూ బోర్లా పడితే కాదని.

"ఆకోంగ్, నా మొక్కు తీరిందా?" లమయ్ వేసింది. రెండూ వెల్లకిలా పడ్డాయి.

"నవ్వుతున్నాడు. నవ్వడా మరి" అంది జే హువై. "మళ్ళీ అడుగు."

మళ్ళీ వేసింది. రెండూ బోర్లా పడ్డాయి.

తోన్ మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ తల్లిని ఆటపట్టించిన కుర్రాడు ఆమె భుజం పట్టుకున్నాడు. జే హువై కూడా తల దించుకుంది, పాపం ఆమెకీ గెలవాలని లేదు. అందరూ లమయ్ బావురుమంటుందనే చూస్తున్నారు.

లమయ్ చెక్కముక్కలు ఏరి పీఠం మీద పెట్టింది. పొద్దుటినుంచీ గుండెల మీద ఏదో రాయి ఉంది. మొక్కు తీరదేమో అన్న భయమే అది అనుకుంది. ఇప్పుడు తీరలేదని తాతే చెప్పాడు, అయినా ఆ రాయి దిగిపోయింది. తీరిపోతే రేపు అయిదింటికి ఎక్కడికి పోవాలి అన్నదే ఇంతసేపూ తన దిగులని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

"సరే ఆకోంగ్" అంది. "రేపు వస్తాను."

మర్నాడు వాన లేదు. కొట్టు ముందుగా కట్టేసి పోయి, లౌడుస్పీకరు నోరు విప్పేలోగా తొమ్మిది చుట్లూ ఎక్కడా ఆగకుండా పరిగెత్తింది. జే హువై తొమ్మిదో అగ్గిపుల్ల విరిచి పైకెత్తి చూపించింది. లమయ్ గుళ్ళోకి పోయి, అగరుబత్తి వెలిగించి, తలవంచి దణ్ణం పెట్టుకుని బయటికి వచ్చేసింది. చెక్కముక్కలు ముట్టుకోలేదు.

"అడగవేం?" అంది జే.

"చూశాడుగా. వేరే అడగాలా?"

వారం తిరక్కముందే తోన్ మళ్ళీ బండి నెట్టుకుంటూ బజారులోకి వచ్చాడు. ముందు టైరు నేలకి అంటుకుపోయింది. జే హువై గరిటె కిందపెట్టి, టైరు వంకా లమయ్ వంకా పాత చూపు చూసింది.

"చూశావా? నేను చెప్పలా? ఆ చెక్కలు వేసి ఒక్కమాట అనిపించుకుని వచ్చెయ్యవే, పీడ పోతుంది."

లమయ్ వంగి టైరులోంచి మేకు పీకి, కొడుకు చేతిలో పెట్టింది. "మేకు దిగింది. దానికి ఆకోంగ్ ఏం చేస్తాడు?" పొయ్యి ఆర్పి, పీట మీద కూర్చుని గులాబీ బూట్ల తాళ్ళు కట్టుకోవడం మొదలుపెట్టింది. అయిదు కావొస్తోంది.

"అది కాదే, అడిగితే నీ సొమ్మేం పోతుంది?"

లమయ్ రెండో ముడి బిగించి లేచింది.

"అవునంటాడేమో జే" అంది.