పాజ్ బాబాయి, పదకొండు గుద్దులు

"ఇంతకీ ఈయన వాళ్ళనెందుకు కొడుతున్నాడు?"

పెళ్ళయిన పదో రోజున, టీవీలో ఓ సీరియల్ మొదటి భాగం చూస్తూ కొత్త పెళ్ళాం అడిగిన ప్రశ్న ఇది. అడిగింది టీవీ మెకానిక్‌ని. తెర మీద నల్ల జీపు ఆగింది. అందులోంచి దిగినవాడు ఎడమ చేతి చొక్కా మడిచాడు. నలుగురు వెళ్ళి గోడకి అతుక్కుపోయారు. ఇందులో ఎందుకు అనే మాటకి చోటెక్కడుంది? వాన ఎందుకు పడుతోందని ఎవరైనా అడుగుతారా? కాసేపు బుర్ర గోక్కుని, వాళ్ళు చెడ్డవాళ్ళు అన్నాడు. అది మొహాలు చూస్తేనే తెలుస్తోంది, ఏం చేశారని అంటూ ఆవిడ వదల్లేదు. మెకానిక్ టీ అడిగాడు.

వీధిలో ఆయన్ని పాజ్ బాబాయి అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న కొట్టు, వెనక మూతలు ఊడదీసిన టీవీలు, కరిగిన టంకం వాసన, బల్ల మీద గోడకి ఆనించిన నిలువుటద్దం. టీవీ వెనకాల కూర్చుని రిపేరు చేసేవాడికి ముందు బొమ్మ ఎలా వస్తోందో కనబడాలంటే అద్దం ఉండాల్సిందే. ప్రపంచాన్నంతా వెనక నుంచి బాగుచేస్తూ, ముందు నుంచి అద్దంలో చూస్తూ బతికిన మనిషి. పల్చటి టీవీలు వచ్చాక పని తగ్గింది. ఇప్పటి టీవీలకి వెనక భాగమే లేదు, ఇక నేనెక్కడ కూర్చోను అని అడుగుతుంటాడు. మిక్సీల, రిమోట్ల రిపేర్లతో కొట్టు నడుస్తోంది.

పేరు వెనక కథ ఇదీ. "నల్ల జీపు" అనే సీరియల్ ప్రతి గురువారం ఎనిమిది గంటలకి అరగంట పాటు వచ్చేది. రెండేళ్ళలో నూట నాలుగు భాగాలు. అది వస్తున్నంతసేపూ ఊరు ఊరంతా తలుపులేసుకునేది. మెకానిక్ దగ్గర ఎవరో బాకీ కింద వదిలేసిపోయిన వీసీఆర్ ఒకటుంది. ఖాళీ క్యాసెట్ మాత్రం కొనాల్సిందే. అది ఆయనకి మూడు రోజుల సంపాదన. పాడైన బోర్డుల మీది టంకాన్ని కూడా గీకి మళ్ళీ వాడుకునే మనిషి, మాటల కోసం టేపు తగలేస్తాడా? వేలు పాజ్ బటన్ మీద పెట్టుకుని కూర్చునేవాడు. తెర మీద మాటలు మొదలైతే నొక్కేవాడు. మాటలు ఆగి చెయ్యి లేస్తే వదిలేవాడు. అరగంటలో ఆరు నిమిషాలు మిగిలేవి. అలా రెండేళ్ళ సీరియల్ నాలుగు క్యాసెట్లలో ఇమిడిపోయింది. ఎముకలన్నీ తీసేసిన చేపలా ఉంటుందని ఆయన గర్వం. వెన్నెముక కూడా పోయిందని ఆయన భార్య అభిప్రాయం.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవులకి హెడ్‌ఫోను, ముందు తీగలు, నోట్లో ఒకే గొంతు, ఒకే మర్యాద. వినడం ఆవిడ ఉద్యోగం. ఒక్కసారి విన్న నెంబరు ఏడాది తర్వాత అడిగినా చెప్పేది. మొదటి ప్రశ్నకి జవాబు దొరకలేదు కాబట్టి దాన్ని తానే కనుక్కుందామని ప్రతి గురువారం స్టూలు లాక్కుని టీవీ ముందు కూర్చునేది. మాటలు వస్తున్నప్పుడు మెకానిక్ ఒక చేత్తో పాజ్ నొక్కిపట్టి, రెండో చేత్తో ఏదో ట్రాన్సిస్టర్ విప్పుతూ ఉండేవాడు. ఫైటు రాగానే ఆవిడ లేచి కూరగాయలు తరగడానికి వెళ్ళేది. ఒకే సీరియల్‌ని మొగుడూ పెళ్ళాలు చెరో సగం చూశారు. రెండు సగాలూ ఎప్పుడూ కలవలేదు.

చివరి భాగం వచ్చిన గురువారం, ఎనిమిదీ పదికి, వీధి చివరి సెలూన్ యజమాని పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాళ్ళింట్లో టీవీ ఠప్పున ఆరిపోయింది. ఆ టీవీ ముందు ఆయన కొడుకుతో సహా వీధిలోని పిల్లలందరూ కూర్చుని ఉన్నారు. ఏడుపులు ఇక్కడికే వినిపిస్తున్నాయి. మెకానిక్ టెస్టరు జేబులో పెట్టుకుని, భార్య వేలు తెచ్చి బటన్ మీద ఆనించాడు.

"మాట్లాడితే నొక్కు, మానేస్తే వదులు. అంతే."

ఫ్యూజు పోయింది. కొత్తది వేసి బొమ్మ తెప్పించేసరికి ఎనిమిదీ ఇరవై ఆరు. జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోతోంది, పేర్లు పడుతున్నాయి. పరుగున ఇంటికొచ్చి టేపు వెనక్కి తిప్పి చూశాడు. హీరో అసలు విలనైన క్వారీ ఓనర్ ఇంట్లో అడుగుపెట్టాడు. ఎడమ చేతి చొక్కా మడిచాడు. తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. తర్వాత గుమ్మంలో ఓనరు, దూరంగా జీపు. మధ్యలో ఏమీ లేదు.

"ఫైటేదీ?"

"ఫైటు లేదండీ. మాట్లాడుకున్నారు."

"చొక్కా మడిచాక ఎవడైనా మాట్లాడతాడా?"

నూట మూడు గురువారాల సాక్ష్యం ఆయన వైపుంది. ఆవిడ వైపు ఆవిడొక్కతే ఉంది. మర్నాటికి సెలూన్ వాళ్ళబ్బాయి బడిలో ఆ ఫైటు గురించి పూసగుచ్చినట్టు చెప్పేశాడు. మొత్తం పదకొండు గుద్దులు, చివరిది గడ్డం కింద. ఆ భాగం చూసిన పెద్దవాళ్ళు కూడా, పదకొండూ విన్నాక తమకీ లీలగా గుర్తుందన్నారు. అది వీధిలో చరిత్ర అయిపోయింది. ఆ చరిత్ర టేపులోకి ఎక్కకుండా నొక్కేసిన మనిషిగా మెకానిక్ భార్య కూడా అందులో చేరింది.

ఆ ఎత్తిపొడుపు ముప్ఫై నాలుగేళ్ళు నడిచింది. పాలు పొంగితే, బటన్ దగ్గర చూపించిన శ్రద్ధే పొయ్యి దగ్గరా చూపిస్తోందనేవాడు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. దుర్మార్గుడేం కాదు, చేతిలో ఒకే ఒక్క జోకు ఉన్నవాడు. అలాంటివాళ్ళు దుర్మార్గుల కన్నా ప్రమాదం. పోయినేడు ఆవిడ రిటైరైంది. ఎక్స్ఛేంజి వాళ్ళంతా కలిసి సన్మానం చేశారు. సర్వీసంతటిలో ఒక్క కాల్ కూడా చేజార్చలేదని పై ఆఫీసరు కాగితం చూసి చదివాడు. అప్పుడు మెకానిక్‌ని కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇన్నేళ్ళు ఊరందరి లైన్లు కలిపింది గానీ మా ఇంట్లో ఒక్క ఫైటు రికార్డు చేయలేకపోయింది అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఆఫీసరు చదివిన కాగితం ఎవరికీ గుర్తులేదు. ఆ నవ్వు ఆవిడకి గుర్తుండిపోయింది.

హీరో ఈమధ్యనే పోయాడు, ఒక మంగళవారం పొద్దున. డెబ్బై నాలుగేళ్ళు. చివరి పదేళ్ళూ మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటనలో తప్ప ఎక్కడా కనిపించలేదు. ఆ నూనె రాసుకుని గోడ దూకేవాడు, అదీ కెమెరా పక్కకి తిరిగాక. వార్తల్లో నలభై సెకన్లు ఇచ్చారు, బొమ్మ ఇంకో సీరియల్‌ది వేశారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, సాయంత్రానికల్లా ఆయనంత మంచివాడు భూమ్మీద పుట్టలేదని తేలిపోయింది. నిన్నటిదాకా ఆ నూనె ప్రకటన రాగానే చానెల్ మార్చినవాళ్ళే తేల్చారు.

ఫర్నిచర్ షాపు పైన హాల్లో ఆదివారం సంతాప సభ పెట్టాలని అభిమానులు నిర్ణయించారు. వీళ్ళెవరో కాదు, ఆనాడు ఆరిపోయిన టీవీ ముందు ఏడ్చిన పిల్లలే. ఇప్పుడు ఒకడు పళ్ళ డాక్టరు, ఒకడు స్కూలు వ్యాను నడుపుతాడు, సెలూన్ వాళ్ళబ్బాయి సెలూన్ యజమాని. నల్ల జీపు అసలు టేపులు టీవీ కంపెనీ దగ్గర కూడా లేవు, వాటి మీద ఇంకేవో రికార్డు చేసేశారట. లోకంలో మిగిలినవి పాజ్ బాబాయి నాలుగు క్యాసెట్లే, ఇన్నేళ్ళూ అభిమానులు మీటింగు పెట్టుకున్నప్పుడల్లా చూసిందీ అవే. సెలూనాయన పోస్టరు వేయించి తెచ్చి కొట్టు తలుపుకి అంటించాడు. అందులో మూడో అంశం ఇలా ఉంది: పిన్ని నొక్కేసిన పదకొండు గుద్దులు, కళ్ళకు కట్టినట్టు అభినయం.

ఆవిడ పోస్టరు రెండుసార్లు చదివింది. చదివి, నేనూ వస్తానంది. అభిమానుల మీటింగుకి ఆవిడ ఎప్పుడూ రాలేదు. మెకానిక్‌కి అనుమానం వచ్చి, బోరు కొడుతుందేమో అన్నాడు.

"నన్ను కొడుతుంటే నేను చూడొద్దా?"

ఆయన స్పిరిటులో దూది ముంచి వీసీఆర్ తుడుచుకున్నాడు.

ఆదివారం నాలుగింటికి నలభై కుర్చీలు నిండాయి. వాటి ధరల చీటీలు వాటికే వేలాడుతున్నాయి, కింద షాపువి. పళ్ళ డాక్టరు తీరని లోటు అనే మాట అయిదుసార్లు వాడాడు. తర్వాత అభిమానుల్లో వాదన లేచింది. అసలు హీరో ఎవరు? మారువేషంలో ఉన్న పోలీసు అన్నాడు సెలూనాయన. కాదు, తండ్రిని చంపినవాళ్ళ మీద పగ అన్నాడు వ్యాను డ్రైవరు. పళ్ళ డాక్టరుకి చెల్లెలి కథేదో లీలగా గుర్తుంది. చిన్నప్పుడు విన్న మాటలు ఎప్పుడో చెరిగిపోయి, మాటలు లేని టేపుల మీద పెరిగిన భక్తి అది, ఎవరికి తోచిన దేవుణ్ణి వాళ్ళు చేసుకున్నారు.

మూడో అంశం వచ్చింది. సెలూనాయన ఒక ప్లాస్టిక్ కుర్చీని క్వారీ ఓనరుగా నిలబెట్టి, ఎడమ చేతి చొక్కా మడిచి, లెక్కపెడుతూ పదకొండు గుద్దులూ గుద్దాడు. ఎనిమిదో దానికి ఆయాసం వచ్చింది. పిన్ని దయవల్ల ఈ శ్రమ నాకొచ్చిందన్నాడు. హాలు నవ్వింది, ఎక్స్ఛేంజి నవ్వినట్టే. మెకానిక్ కూడా నవ్వబోయి, పక్కన భార్య మొహం చూసి ఆగాడు.

టేపు వేశారు. జీపు వచ్చింది, చప్పట్లు కొట్టారు. చొక్కా మడిచాడు, ఈలలు వేశారు. తెర ఎగిరిపడింది. గుమ్మంలో ఓనరు నిలబడ్డాడు.

"అక్కడ ఆపండి," అంది ఆవిడ.

మెకానిక్ వేలు ఆలోచించకుండా పాజ్ నొక్కింది. బొమ్మ వణుకుతూ నిలబడింది.

"ఆ కళ్ళజోడు చూడండి."

అందరూ చూశారు. ఓనరు ముక్కు మీద కళ్ళజోడు నిటారుగా ఉంది. రెండు అద్దాలూ ఉన్నాయి. తల దువ్వినట్టే ఉంది. వెనక కుర్చీ కూడా పడిపోలేదు. ఈ బొమ్మని ఇంతమందీ ముప్ఫై నాలుగేళ్ళుగా వందసార్లు చూశారు, జీపు కోసం.

పళ్ళ డాక్టరు లేచి తెర దగ్గరికి వెళ్ళి వంగాడు. నోరు తెరిచి ఉన్న ఓనర్ని వృత్తిధర్మంగా పరీక్షించాడు.

"పదకొండు గుద్దులకి తక్కువలో తక్కువ నాలుగు ఊడాలి. ఈయనకి అన్నీ ఉన్నాయి."

సెలూనాయన మడిచిన చొక్కా మెల్లగా విప్పుకున్నాడు.

"ఆ రోజు మా ఇంట్లో టీవీ పోయింది కదా పిన్నీ. నేను చూళ్ళేదు. అందరూ అడుగుతుంటే చెప్పేశా."

వ్యాను డ్రైవరూ చూడలేదు. డాక్టరూ చూడలేదు. చూసినట్టు గుర్తుందని మాత్రం ఇద్దరూ ఒట్టేసి చెప్పగలరు. ఫ్యూజు మార్చినవాడు కాబట్టి మెకానిక్ చూసే అవకాశమే లేదు, ఆ సంగతి ఆయనకి ఇప్పుడు తట్టింది. లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు. మైకు పనిచేస్తోందో లేదో రెండుసార్లు తట్టి చూశాడు. పనిచేస్తోంది. ఇక తప్పించుకోవడానికి లేదు.

"మా ఆవిడ బటన్ సరిగ్గానే నొక్కింది. మాట్లాడితే నొక్కమన్నాను, నొక్కింది. తప్పు నాది. ఇన్నేళ్ళూ కూసింది కూడా నేనే."

ఎవరూ నవ్వలేదు. దిగబోయి, మళ్ళీ వెనక్కి తిరిగి భార్యని అడిగాడు.

"ఇంతకీ వాడు వాళ్ళనెందుకు కొట్టాడు?"

"అడగడానికి ఇప్పటికి తీరిందన్నమాట మీకు," అంటూ ఆవిడ లేచింది.

మైకులో ఆవిడ గొంతు ఎక్స్ఛేంజి గొంతే. తొందర లేదు, తడబాటు లేదు. హీరో పోలీసు కాదు, తండ్రికేమీ కాలేదు, చెల్లెలే లేదు. క్వారీలో లారీ డ్రైవరు. అక్కడ పనిచేసే నలభై రెండు మందికి ఓనరు ఏడు నెలల జీతాలు ఎగ్గొట్టి, డబ్బు తన మనుషుల దగ్గర దాచాడు. జీపు కూడా క్వారీదే, జీతం కింద పట్టుకొచ్చాడు. వారానికో మనిషిని పట్టుకుని, ముందు మర్యాదగా అడిగేవాడు. ప్రతి వారం మెకానిక్ నొక్కేసిన మాటలు అవే. ఇవ్వనంటే చొక్కా మడిచేవాడు. వచ్చింది వచ్చినట్టు పంచేసేవాడు. నూట మూడో వారానికి ఆరు నెలలవి వసూలయ్యాయి.

చివరికి ఓనరు దగ్గరికే వెళ్ళాడు. నా దగ్గర ఇంక పైసా లేదు, కావాలంటే కొట్టుకో అన్నాడు ఓనరు. హీరో చొక్కా మడిచాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పుడన్న మాటని ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది.

"కొడితే చెల్లుకి చెల్లు అనుకుంటావు. కొట్టను. నువ్వు బతికున్నంతకాలం బాకీ బాకీగానే ఉంటుంది."

ఆ మాటకే ఓనరు నోరు తెరుచుకుంది. గుమ్మం దాకా అలాగే వచ్చాడు.

సెలూనాయన లేచి, తాను గుద్దిన ప్లాస్టిక్ కుర్చీని తుడిచి పిన్నికి వేశాడు. తర్వాత నూట మూడు వారాల మాటలూ ఒక్కొక్కటే చెప్పమన్నారు. ఆవిడ ఆరింటిదాకా చెప్పింది, పదిహేడో వారం దాకా వచ్చింది. మెకానిక్ ముందు వరసలో కూర్చుని విన్నాడు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. కొట్టు తలుపుకున్న పోస్టర్ని తిరిగి రాగానే ఆయనే చింపేశాడు.

నలభై రెండు మందికి ఏడో నెల జీతం ఇంకా రావాలి.