తుర్సునోయ్ కోడలి మెడ

"చలిగాలి కొట్టిందమ్మా" అనే మాట వింటే మస్తురాకి ఒళ్లు మండిపోతుంది. మర్గిలాన్ ఊళ్లో ఎవరికి తలనొప్పి వచ్చినా నేరం గాలిదే. ఆస్పత్రి ఫిజియోథెరపీ గదిలో మెడలు పట్టీ పట్టీ ఆవిడ జుట్టు నెరిసింది. నొప్పి మెడలో పుట్టి తలకెక్కుతుందని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. విన్నవాళ్లు బుద్ధిగా తలూపుతారు, శాలువా ఇంకో చుట్టు చుట్టుకుని వెళ్లిపోతారు.

ఆరోజు ఆ గదికి వచ్చిన ఓయ్‌దిన్ కొత్త కోడలు. ఆ పిల్లకి పుర్రె కింద మొదలైన నొప్పి కుడికన్ను మీదికి పాకుతోంది. మస్తురా మెడ పైభాగాన వేలుపెట్టి నొక్కగానే, "అమ్మో, అదేనక్కా!" అని కెవ్వుమంది.

"పొద్దస్తమానం ఏం చేస్తుంటావే?"

"దండాలు పెడుతుంటానక్కా."

వాళ్ల అత్త తుర్సునోయ్ వాకిట్లో వీధి వీధంతా టీ తాగుతుంది. అక్కడి ఆచారం ప్రకారం వచ్చినవాళ్లందరికీ కొత్త కోడలు వంగి దండం పెట్టాలి, తలెత్తకుండా టీ పొయ్యాలి. మస్తురా నిట్టూర్చి, గడ్డం వెనక్కి లాగి మెడ నిటారుగా నిలిపే కసరత్తు నేర్పింది.

మళ్లీ వచ్చేసరికి నొప్పి రెట్టింపయింది.

"చెప్పింది చేస్తున్నావా, లేదా?"

"చేస్తుంటే, నన్ను వెక్కిరిస్తున్నావా అన్నారక్కా అత్తయ్య." ఓయ్‌దిన్ కళ్లు తుడుచుకుంది. "తలజబ్బు పిల్లని అంటగట్టారట. ఈ వారంలో తగ్గకపోతే పుట్టింటికి పంపేస్తారట."

మస్తురాకి ఓపిక అయిపోయింది. తెల్లకోటు విప్పి అక్కడ పడేసి, నేరుగా వాళ్లింటికి నడిచింది.

తుర్సునోయ్ నుదుటికి గుడ్డ బిగించి కూర్చుని ఉంది. నొప్పికి కారణం ఆ దండాలేనని మస్తురా చెప్పగానే మండిపడింది. "దండాలు మానమంటావా? నలుగురూ ఏమనుకుంటారు? మేం పెట్టలేదా? మాకేమైంది?"

"ఏం కాకపోతే ఆ గుడ్డ ఎందుకు కట్టారు?"

"ఇదా? చలిగాలి కొట్టింది."

మస్తురా ముసలావిడ వెనక్కి వెళ్లి పుర్రె కింద బొటనవేలు పెట్టి నొక్కింది.

"చచ్చాన్రా దేవుడా! కంట్లోకి పాకింది!"

"కుడికంట్లోకేనా?"

"నీకెలా తెలుసే?"

"ఎన్నాళ్లనుంచి?"

"కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన చలికాలం నుంచి."

"మరి మీ అత్తగారికి చెప్పలేదా?"

"భలేదానివే! చెబితే పుట్టింటికి పంపేసేవాళ్లు కాదూ?"

అనేశాక తుర్సునోయ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడే ఓయ్‌దిన్ టీ కెటిల్ పట్టుకుని వచ్చి, ఎప్పటిలాగే నడుం వంచబోయింది.

"వంగకు!" అని కసిరింది తుర్సునోయ్. "నిలబడి టీ పొయ్. నా మొహం చూసి పొయ్యవే, తల్లీ."